మల్లేశం కడిగిన సీసాలు

మల్లేశం అంటే నాకు ఏడుపు. ముందే ఒప్పేసుకుంటే తర్వాత చెప్పేది మీరు నమ్ముతారని చెబుతున్నాను. కోపం కాదు, పగ కాదు, అసలు సిసలు ఏడుపు. అతను నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నవాడు. ఇంటర్ తప్పాడు. సీసాలు కడగడానికి ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు మనిషి. నేనేమో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఇరవై నాలుగేళ్ళ సర్వీసు, టెక్నికల్ ఆఫీసర్ అనసూయని. అలాంటి దాన్ని అతన్ని చూసి ఏడ్చాను. తిన్నది ఒంటపట్టకుండా ఏడ్చాను.

మా ఆయన సదాశివరావు గారు ఒక మంత్రిత్వ శాఖలో ఫైళ్ళ మనిషి. ఆయనకి అన్నీ వేళాకోళమే. మయూర్ విహార్‌లో మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర కంచం ముందు కూర్చోగానే, "ఇవాళ మల్లేశం ఏం చేశాడేవిటి?" అని మొదలెట్టేవారు. నేను చెప్పేదాన్ని. ఆయన పప్పు కలుపుకుంటూ వినేవారు. చివరికి "నీకు పనికొచ్చే మందు మీ ల్యాబులో కూడా లేదే" అనేవారు. నాకు ఇంకా మండేది.

మా ల్యాబు దక్షిణ ఢిల్లీలో, కటవారియా సరాయ్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉంటుంది. గాలినీ వాననీ పొగమంచునీ పట్టి, అందులో ఏం కలిసిందో చూడటం మా పని. నాలుగేళ్ళుగా మా డాక్టర్ నేహా మేడమ్ పాదరసం వెంట పడింది. పాత థర్మామీటర్లలో మెరిసేదే పాదరసం. బొగ్గు కాల్చే పొగగొట్టాల్లోంచి అది ఆవిరై గాల్లోకి వస్తుంది. ఆవిరిగా ఉన్నంత కాలం అది ఎవరికీ చిక్కదు, నెలల తరబడి దేశాలు తిరుగుతుంది. మబ్బులో నీటిచుక్కకి తగిలినప్పుడు సంగతి మారుతుంది. ఆ చుక్కలో ఓజోన్ లాంటివి ఉంటే ఆవిరిని పట్టి నీళ్ళలో కరిగే రకంగా మార్చేస్తాయి. క్లోరైడు దాన్ని వదలకుండా పట్టుకుంటుంది. అప్పుడది వానతో పాటు చెరువుల్లోకి, చేపల్లోకి, మన కంచాల్లోకి దిగుతుంది. అదే చుక్కలో పొగ తాలూకు ఆమ్లాలుండి, పైన ఎండ పడిందనుకోండి, కరిగిన పాదరసం మళ్ళీ ఆవిరై ఎగిరిపోతుంది. మన నెత్తిన పడుతుందా, పక్కదేశం మీదకి పోతుందా అన్నది ఆ చుక్కలో ఇంకేమేం కలిశాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఢిల్లీ చుక్కలో కలవనిదేముంది చెప్పండి!

మబ్బుని పట్టాలంటే మామూలుగా కొండెక్కాలి, లేదా విమానం కావాలి. జనవరిలో మాకు ఆ బాధ లేదు. పొగమంచంటే నేలకి దిగిన మబ్బే. అదే మా మేడ మీదకి వచ్చి కూర్చుంటుంది. అక్కడ ఒక పెట్టె ఉంది. ఫ్యాను మంచుని లోపలికి లాగుతుంది, సన్నటి తీగెలకి తగిలిన చుక్కలు జారి కింద సీసాలో పడతాయి. వినడానికి ఇంతే. కానీ మేం వెతికే పాదరసం ఎంతనుకుంటున్నారు? పెద్ద ఈతకొలను నిండా నీళ్ళుంటే అందులో పది ఆవగింజల ఎత్తు. సీసాకి వేలు తగిలితే చాలు, లెక్క తప్పుతుంది.

అందుకని సీసా దగ్గర ఇద్దరుండాలి. ఒకరిది శుభ్రం చెయ్యి, ఒకరిది మురికి చెయ్యి. మురికి చెయ్యి మనిషి తలుపు తీయాలి, స్టాండు బిగించాలి, బయటి సంచీ విప్పాలి. శుభ్రం చెయ్యి మనిషి లోపలి సంచీ విప్పి సీసా మూత తీయాలి. అతను ఇంక దేన్నీ ముట్టుకోకూడదు. పని బాగా జరిగిందో లేదో చూడటానికి బ్లాంక్ అని ఒకటి ఉంది. వట్టి శుద్ధజలం పోసిన సీసాని మేడెక్కించి, మూత తీసి, మూత పెట్టి, కిందకి తెచ్చి కొలుస్తాం. సున్నాకి దగ్గరగా రావాలి. రాలేదంటే గాల్లో కాదు, మీ చేతిలో దోషం ఉన్నట్టు.

మల్లేశం బ్లాంకులు సున్నా పాయింట్ మూడు వచ్చేవి. నావి ఆరు, ఏడు, ఒకసారి తొమ్మిది.

నాలుగేళ్ళ కిందట నేనే శుభ్రం చెయ్యి. మల్లేశం మురికి చెయ్యి. ఒకరోజు నాకు జ్వరమొచ్చి రాకపోతే నేహా మేడమ్ అతని చేత చేయించింది. తిరిగొచ్చేసరికి అతని బ్లాంకు కాగితం బోర్డు మీద అంటించి ఉంది. ఆ మధ్యాహ్నమే మేడమ్ నన్ను పిలిచి, "అనసూయా జీ, ఇకనుంచి మీరు చోట్లు మార్చుకోండి" అంది. నవ్వుతూనే అంది.  టెక్నికల్ ఆఫీసర్‌ని నేను తలుపు తీసి పట్టుకుంటే, సీసాలు కడిగే మనిషి తెల్ల చొక్కా వేసుకుని దర్జాగా లోపలికి నడవాలన్నమాట!

పైగా మాది అమలాపురం దగ్గర ఆచారాల ఇల్లు. మా నాయనమ్మ మడి కట్టుకుంటే మేం ఆ గుమ్మం వైపు చూడ్డానికి కూడా భయపడేవాళ్ళం. మల్లేశం ఒకసారి గ్లవ్స్ తొడుక్కుంటూ మామూలుగా అడిగాడు. "గిట్ల ముట్టుకోకుండ ఉండుడునే మీరు మడి అంటరు గద మేడమ్?" అవునన్నాను. నా బొంద, ఇంకేమనను? మడి అతనిది, మైల నాది.

ఇంతకీ అతనెవరో చెప్పలేదు. సిద్దిపేట వైపు మనిషి. పదిహేనేళ్ళ కిందట వంటల కాంట్రాక్టరు వెంట ఢిల్లీ వచ్చాడు. అశోకా రోడ్డులో మన తెలుగువాళ్ళ గెస్టుహౌసు క్యాంటీన్లో తొమ్మిదేళ్ళు గ్లాసులు కడిగాడు. ఆదివారం అక్కడ మన భోజనానికి జనం ఎలా ఎగబడతారో తెలిసిందే కదా, రోజుకి రెండు వేల గ్లాసులట. సీసాలు అంత బాగా ఎక్కడ నేర్చుకున్నావయ్యా అని నేహా మేడమ్ అడిగితే ఆ క్యాంటీన్ సంగతే చెప్పాడు. నాతో మన భాషలో ఇంకాస్త వివరంగా చెప్పాడు. "సబ్బు మిగిలిన గ్లాసుల మజ్జిగ పోస్తే తాగినోనికి ఎర్కైతది మేడమ్. మా మేస్త్రీ ఆ గ్లాసు తెచ్చి నా ముంగట పెట్టి నన్నే తాగమనేటోడు. నాలుగు దినాలు తాగిన. అయిదో దినం నుంచి సబ్బు మిగల్లే."

ఇప్పుడు కటవారియా సరాయ్‌లో ఒక గది. చుట్టూ పోటీ పరీక్షలకి చదివే పిల్లలు. వాళ్ళకి ఇతను చాచా. పొద్దున్న నాలుగింటికి తలుపులు కొట్టి లేపుతాడు. లేవకపోతే మళ్ళీ వెళ్ళి కొడతాడు. ఎవరికైనా ఉద్యోగం వస్తే మొదటి మిఠాయి పొట్లం ఇతని గదికే వస్తుంది. భార్య మునిర్కాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. కూతురు ఇంటర్ చదువుతోంది, తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం హిందీలోనే. అతనికి అదొక్కటే దిగులు.

సీసాలు కడిగేటప్పుడు చూడాలి అతన్ని. వేడి ఆమ్లంలో నానబెట్టి, తీసి, ఏడుసార్లు కడుగుతాడు. ఆరుసార్లు చాలని కాగితంలో ఉంది. ఏడోది ఎందుకయ్యా అంటే "ఆరోది నా కోసం, ఏడోది దాని కోసం" అంటాడు. ఏమిటో ఆ మాట! మేడ మీద మూత తీసేటప్పుడు నోరు విప్పడు, ఊపిరి కూడా బిగబడతాడు. నేను పక్కనుంటే మాత్రం ప్రతిసారీ అదే మాట. "మేడమ్, జెర అటు మల్లి నిలబడరాదుండ్రి." లేదా "మేడమ్, ఆ గోడ దిక్కు ఉండుండ్రి, గాలి అటుకెల్లి మంచిగుంటది." నన్ను తరిమేసినట్టే ఉండేది నాకు. ఏదో కిటుకు ఉంది, నేను చూస్తానని దాస్తున్నాడు అనుకునేదాన్ని.

పోయినేడాది ఇంకొకటి జరిగింది. సూర్యుడు వచ్చాక నిండిన సీసాలు విడిగా పెట్టాలని పట్టుబట్టాడు. "ఎండ తాకినంక ఆ నీళ్ళు వేరే మేడమ్, కలపద్దు." నేను పట్టించుకోలేదు. నేహా మేడమ్ పట్టించుకుంది. కొలిస్తే నిజమే. తెల్లవారకముందు పట్టిన మంచులో పాదరసం ఎక్కువ, ఎండ తగిలిన మంచులో తక్కువ. ఎండ చుక్కలో కరిగినదాన్ని మళ్ళీ ఆవిరి చేసి ఎగరగొడుతోంది. మేడమ్ పరిశోధనకి అదే ప్రాణమైంది. వ్యాసం మీద మల్లేశం పేరు కూడా వేస్తానంది. నా పేరు ఇరవై నాలుగేళ్ళలో నాలుగుసార్లు పడింది, అన్నిసార్లూ చివరే. ఈసారి అతని పేరు నా పేరు కన్నా ముందు ఉంది. కాగితం మీద అక్షరాలు ఎర్రగా కనబడ్డాయి నాకు.

అయినా వ్యాసం సంగతి వదిలేయండి. నా అసలు కోరిక కొండ. ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లో ఒక శిఖరం మీద నెల రోజులు నిజం మబ్బుల్లో సీసాలు పెట్టాలని మేడమ్ ఏర్పాటు చేసింది. ఆమెతో పాటు ఒకే ఒక టెక్నీషియన్‌కి చోటు. ఇరవై నాలుగేళ్ళు మబ్బు నీళ్ళతో బతికి, ఒక్కసారైనా మబ్బు లోపల నిలబడని మనిషిని నేను. ఆ చోటు ఎవరికి పోతుందో నాకు తెలుసు. దాని గురించి ఆలోచిస్తే మెట్రోలో నిలబడ్డచోటే కళ్ళు మండేవి.

ఈ జనవరి ఆరో తారీకున వచ్చిన మంచు మళ్ళీ రాదు. చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. తెల్లవారుజామున క్యాబ్‌లో చేరుకునేసరికి మల్లేశం అన్నీ సర్దేసి ఉన్నాడు. ఆ రోజు నేను నిశ్చయించుకున్నాను, అతని కిటుకేదో కనిపెట్టేదాకా పక్కనుంచి కదలకూడదని. ఫ్లాస్కులో వేడి టీ తాగి, అలవాటు కొద్దీ రెండు వక్కలు బుగ్గన పెట్టుకుని, మాస్కు పైకి లాక్కుని అతని భుజం మీదకి వంగాను. "జెర అటు మల్లుండ్రి మేడమ్" అన్నాడు. మల్లలేదు. "ఏం, నేను చూడకూడదా?" అన్నాను. "చూడుండ్రి, గని దూరంకెల్లి" అన్నాడు. "నీ దగ్గర నేర్చుకునే ఖర్మ పట్టింది కదా, దగ్గర్నుంచే నేర్చుకుంటాను" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. సీసా సీసాకీ అంటూనే ఉన్నాను. అతను ఒకటి రెండుసార్లు సీసాకి తన చెయ్యి అడ్డం పెట్టాడు.

మూడోరోజు లెక్కలొచ్చాయి. ఇరవై, ముప్ఫై రావలసిన చోట తొంభై. బ్లాంకు పద్నాలుగు. ఆ రోజు పట్టిన మంచంతా చెత్తబుట్టలోకి పోయింది. నేహా మేడమ్ మొహం పాలిపోయింది. "ఏం జరిగింది మల్లేశం?" అనడిగింది. అతను నావైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "తెల్వదు మేడమ్" అని హిందీలో అన్నాడు.

అతని కాంట్రాక్టు జనవరి ముప్ఫయ్యొకటితో అయిపోతుంది. పొడిగించాలంటే టెక్నికల్ ఆఫీసర్ కాగితం మీద అభిప్రాయం రాయాలి. టెక్నికల్ ఆఫీసర్ అంటే నేనే. ఎనిమిదో తారీకున రాశాను. "నిర్లక్ష్యం వల్ల కీలకమైన నమూనాలు పాడయ్యాయి. పొడిగింపు అవసరం లేదు." సంతకం పెట్టాను. మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, హాయిగా అనిపించింది.

మర్నాటి నుంచి నేను శుభ్రం చెయ్యి. నాలుగు రోజులు చేశాను. బ్లాంకులు ఏడు, ఎనిమిది, ఏడు, ఆరు. నేహా మేడమ్ ఆ కాగితాలు బోర్డు మీద అంటించలేదు. "సీసాలు సరిగ్గా కడగట్లేదేమో" అన్నాను నేను. ఆ మాట మల్లేశం ఎదురుగానే అన్నాను. అతను మొత్తం నూట ఇరవై సీసాలూ మళ్ళీ ఆమ్లంలో వేశాడు.

పదమూడో తారీకున వక్క కొరుకుతుంటే పన్ను విరిగింది. మయూర్ విహార్ మార్కెట్లో ఉన్న డెంటిస్టు దగ్గరికి వెళ్ళాను, మలయాళీ అమ్మాయి. నోట్లో అద్దం పెట్టి చూసి, "ఆంటీ, ఈ వెండి ఫిల్లింగులు ఎప్పటివి?" అంది. చిన్నప్పుడు కాకినాడలో వేయించినవి. ఇటు రెండు, అటు ఒకటి. "తీసేసి తెల్లవి వేద్దాం. వీటిలో సగం పాదరసమే కదా. కొద్ది కొద్దిగా ఆవిరి వస్తూనే ఉంటుంది. వేడిది తాగినా, ఏదైనా నమిలినా ఇంకా ఎక్కువ. భయపడకండి, మీకేమీ కాదు."

నాకేమీ కాదు. సరే, నా సీసాలకి?

 మా పద్ధతుల పుస్తకంలో పదకొండో పేజీలో ఉంది ఆ మాట. వెండి ఫిల్లింగులున్నవాళ్ళు తెరిచిన సీసా మీద ఊపిరి వదలకూడదు. నేనే కొత్తవాళ్ళకి చదివి వినిపించాను. ఎవరి నోళ్ళ గురించో అనుకున్నాను. పాదరసం ఎగిరిపోకుండా సీసాలో ముందే ఒక మందు పోసి ఉంచుతాం. మబ్బుచుక్కలో ఓజోన్ చేసే పనే అది చేస్తుంది, ఆవిరిని పట్టి కరిగించి కూర్చోబెడుతుంది. మాస్కు గుడ్డ దుమ్మునాపుతుంది కానీ ఆవిరిని ఆపుతుందా? నాలుగేళ్ళు పాదరసాన్ని ఢిల్లీ గాల్లో వెతికిన దాన్ని, నా దవడలో పెట్టుకుని తిరిగాను. ఆ జనవరి ఆరున మల్లేశం సీసాలన్నిట్లోనూ నేనే ఊదాను.

ఇప్పుడు మీరు అనుకుంటారు, వెంటనే పరుగెత్తుకెళ్ళి నేహా మేడమ్‌కి చెప్పిందని. చెప్పలేదు.

ఆ రాత్రి మా ఆయన "ఇవాళ మల్లేశం ఏం చేశాడేవిటి?" అంటే, "పన్ను నొప్పి, మాట్లాడించకండి" అన్నాను. పక్కమీద పడుకుని ఆలోచించాను. ఫిల్లింగులు తీయించుకుంటే నా బ్లాంకు సున్నాకి వస్తుంది. మల్లేశం వెళ్ళిపోతాడు. కొండ మీద చోటు నాది. ఎవరికీ తెలియదు. పాడైన సీసాలు ఎలాగూ తిరిగి రావు. ఇలా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అతనికింకో చోట పని దొరకదా ఏమిటి, అంత పనితనం ఉన్నవాడికి? చూశారా, అప్పుడు మాత్రం అతని పనితనం ఒప్పుకున్నాను.

మేడమ్‌తో "పెట్టె మొత్తం విప్పి శుభ్రం చేయిద్దాం, రెండు వారాలు ఆగుదాం" అన్నాను. ఆమె సరేనంది. ఆ రెండు వారాల్లో మూడు ఫిల్లింగులూ తీయించుకున్నాను. మల్లేశం పెట్టెలో ఒక్కొక్క తీగె విప్పి కడిగాడు. తనని పంపించేస్తున్నారని అప్పటికే అతనికి తెలుసు. ఎవరు రాశారో కూడా తెలుసు. పొద్దున్న "నమస్తే మేడమ్" అనడం మానలేదు. నేను ఫోను చూసుకుంటున్నట్టు నటించేదాన్ని.

ఇరవై తొమ్మిదో తారీకున మళ్ళీ మంచు దిగింది. నేను శుభ్రం చెయ్యి, మల్లేశం మురికి చెయ్యి. ఈసారి అతను నన్ను అటు మల్లమనలేదు. మర్నాడు మధ్యాహ్నం లెక్క వచ్చింది. బ్లాంకు సున్నా పాయింట్ నాలుగు.

నేహా మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "అనసూయా జీ! కమాల్ కర్ దియా!" అద్భుతం చేశానట. కాగితాన్ని స్వయంగా బోర్డు మీద అంటించింది. "కొండకి మీ పేరు పంపిస్తున్నాను" అంది. పదేళ్ళ పిల్లలా గెంతాలనిపించింది. కాగితం ముందు నిలబడి ఆ అంకెను నాలుగుసార్లు చదువుకున్నాను.

వెనక మల్లేశం ఉన్నాడు. బీరువా తాళాలు, సీసాల జాబితా నాకు అప్పగించడానికి వచ్చాడు. రేపటితో అతని పని సరి. బోర్డు వైపు చూశాడు. అతని మొహంలో ఏ మాత్రం చిన్నబోయినతనం కనబడినా నాకు తృప్తిగా ఉండేదేమో. కానీ అతని కళ్ళు వెలిగాయి. నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"పళ్ళు మార్పించుకున్నరా మేడమ్?"

నా చెయ్యి దవడ మీదకి పోయింది.

"మంచిగ చేసిండ్రు. నాకు మూడేండ్ల సంది అనుమానమే. మీరు దగ్గరికి వచ్చి మాట్లాడిన దినం లెక్క పెరుగుతుండె. మీరే సదివి చెప్పిండ్రు గద ఆ పుస్తకంల, ఎండి ఫిల్లింగుల ముచ్చట. మీరు నవ్వినప్పుడు కనపడ్డయి."

"మరి చెప్పలేదేం?" అన్నాను. 

సిగ్గుపడ్డాడు. తాళాలగుత్తి చేతులు మార్చుకున్నాడు. "ఎట్ల చెప్పాలె మేడమ్? మీరు పెద్దోళ్ళు. ఆడమనిషికి, ఆఫీసరుకు, మీ నోటిగాలితోని పాడైతున్నదని మొగోన్ని నేనెట్ల అంటా? మా ఇంటామెను కూడ అడిగిన. నోటి ముచ్చట ఎన్నడు తియ్యకు, ఆమె తల ఎత్తుకోలేదు అన్నది. అందుకే అటు మల్లమనుకుంట నెట్టుకొచ్చిన."

"ఆరో తారీకున? మేడమ్ అడిగినప్పుడు?"

"అందరి ముంగటనా?" అన్నాడు, నేనేదో అనకూడని మాట అన్నట్టు.

ఏమనిపించిందో నిజం చెప్పనా? పశ్చాత్తాపం కాదు, అది తర్వాత వచ్చింది. ముందొచ్చింది ఏడుపే. మునుపెన్నడూ రానంత ఏడుపు. చేతి శుభ్రం అతనిదే, పేరు అతనిదే, అదంతా పోనీ అనుకుంటే ఇప్పుడిదొకటా! ఉద్యోగం పోతున్నా నా పరువు పట్టుకుని నిలబడటం కూడా అతనికే రావాలా? నేను మాత్రం నిర్లక్ష్యం అని రాసిన మనిషిగా మిగలాలా?

"పద" అన్నాను. "ఎక్కడికి?" అంటున్నవాణ్ణి మోచెయ్యి పట్టుకుని నేహా మేడమ్ గదిలోకి ఈడ్చుకెళ్ళాను. తలుపు కూడా కొట్టలేదు.

అంతా చెప్పాను. ఫిల్లింగులు, టీ, వక్కలు, భుజం మీదకి వంగడం. నోరు తెరిచి కొత్త తెల్ల ఫిల్లింగులు చూపించాను, డెంటిస్టుకి చూపించినట్టు. జనవరి ఆరు సీసాలు పాడుచేసింది నేనేనన్నాను. నా అభిప్రాయం వెనక్కి తీసుకుంటానన్నాను. నేహా మేడమ్ అంతా విని, ఫైలు తెప్పించి, నా కాగితాన్ని అడ్డంగా కొట్టేసింది. పొడిగింపు మీద తనే రాసి సంతకం చేసింది. "ఇది ఈ సాయంత్రమే ఏజెన్సీకి వెళ్ళాలి" అంది. మల్లేశం గోడ పక్కన నిలబడి తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

అప్పుడు ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అనసూయా జీ, ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

 నేను నోరు తెరిచేలోపే మల్లేశం ముందుకొచ్చాడు. "ఆజ్ హీ, ఇయ్యాల్నే మేడమ్. ఇప్పుడే నేను చెప్తేనే తెల్సింది ఈ మేడమ్‌కు. పాపం ఉరికొచ్చిండ్రు."

అంత నిదానంగా, అంత మర్యాదగా చెప్పాడు అబద్ధం. నేహా మేడమ్ మొహం అప్పుడే మెత్తబడుతోంది. నేను ఊరుకుంటే చాలు. తల ఊపినా చాలు. కొండ మీద చోటు పోయినా పరువు మిగులుతుంది, నిజం తెలియగానే పరుగెత్తుకొచ్చిన మనిషినన్న పేరు మిగులుతుంది. ఆ పేరు కూడా మల్లేశం నాకు దానంగా ఇస్తున్నాడు.

చచ్చినా తీసుకోను అనుకున్నాను.

"అబద్ధం చెబుతున్నాడు మేడమ్" అన్నాను. "నాకు తెలిసి పదిహేడు రోజులైంది."